తలుపు తీసేవారి హక్కు: మతప్రచారం, నిరాకరణ, ప్రవాసాంధ్రులు

అమెరికాలోని తెలుగు ఇళ్ళలో పగటివేళ ఒంటరిగా ఉండేది చాలాసార్లు ఆరునెలలకని వచ్చిన తల్లో అత్తగారో. కొడుకూ కోడలూ ఉద్యోగాలకూ, పిల్లలు బడికీ వెళ్ళాక తలుపు మీద చప్పుడవుతుంది. తీసి చూస్తే శుభ్రమైన దుస్తుల్లో ఇద్దరు మనుషులు, చిరునవ్వు, చేతిలో పుస్తకాల సంచి. ఒక్కోసారి వారు తెలుగులో అచ్చయిన కరపత్రం కూడా అందిస్తారు. పొద్దుట నుండి పలకరించే దిక్కులేని ఆ పెద్దావిడ వారిని లోపలికి పిలిచి కాఫీ ఇవ్వబోవడంలో ఆశ్చర్యం లేదు. వాకిటికి వచ్చిన మనిషిని గడప అవతలే నిలబెట్టి పంపడం ఆమె ఎరిగిన మర్యాద కాదు. రెండు వారాలకు వారు మళ్ళీ వస్తారు. మూడోసారి వచ్చేసరికి ఇంట్లో తగువు మొదలవుతుంది. "వాళ్ళను ఎందుకు రానిచ్చావు?" అని కొడుకు, "ఇంటికొచ్చిన వాళ్ళను పొమ్మని ఎలా అంటానురా?" అని తల్లి.

ఈ తగువులో ఇద్దరూ మరచిపోయే విషయం ఒకటుంది. ఆ తలుపు తట్టే హక్కు, ఆ తలుపు మూసే హక్కు రెండూ ఒకే న్యాయచరిత్రలో, ఒకే తీర్పుల వరుసలో పుట్టాయి. ఒకదాన్ని వదిలి రెండోదాన్ని అర్థం చేసుకోవడం కుదరదు.

ఆ చరిత్రలో ఎక్కువ భాగం యెహోవా సాక్షులది. ఇంటింటికీ తిరిగి బోధించడం వారికి ఐచ్ఛికమైన సేవ కాదు, విశ్వాసంలో భాగమైన విధి. 2020 మార్చిలో కోవిడ్ వల్ల ఆపిన ఇంటింటి ప్రచారాన్ని వారు 2022 సెప్టెంబరులో మళ్ళీ మొదలుపెట్టారు. తెల్లచొక్కా, నల్లని పేరుబిళ్ళతో జంటగా తిరిగే యువకులు వేరు. వారు మోర్మన్ సంఘం పంపిన ప్రచారకులు. పంతొమ్మిదేళ్ళ కుర్రవాడి పేరుబిళ్ళ మీద 'ఎల్డర్' అని ఉండడం, అంటే 'పెద్ద' అని ఉండడం, తెలుగువారికి కొంత వినోదం కలిగిస్తుంది. న్యాయస్థానాలకు ఎక్కి పోరాడింది మాత్రం ప్రధానంగా సాక్షులే.

1938లో కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూహేవెన్‌లో న్యూటన్ కాంట్‌వెల్, అతని ఇద్దరు కొడుకులు ఒక గ్రామఫోన్ పెట్టె పట్టుకొని ఒక వీధిలోకి వెళ్ళారు. ఆ వీధిలో నివసించేవారిలో నూటికి తొంభైమంది కేథలిక్కులు. వారు వినిపించిన రికార్డు కేథలిక్కు మతాన్ని తీవ్రంగా దూషించేది. ఇంతకంటే రెచ్చగొట్టే ప్రచారం ఊహించడం కష్టం. కొడుకుల్లో ఒకడైన జెస్సీ ఇద్దరు బాటసారులను ఆపి, రికార్డు వినిపించమంటారా అని అడిగాడు. వారు సరేనన్నారు, విన్నారు, కొట్టేంత కోపం తెచ్చుకున్నారు, వెళ్ళిపొమ్మన్నారు. అతడు వెళ్ళిపోయాడు. అనుమతి పత్రం లేకుండా విరాళాలు అడిగారని ముగ్గురి మీదా, శాంతిభంగం కలిగించాడని జెస్సీ మీదా నేరాలు మోపారు. 1940లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానం ఏకగ్రీవంగా ఆ శిక్షలను కొట్టివేసింది. ఏది మతమో, ఏది కాదో నిర్ణయించి అనుమతి ఇచ్చే అధికారం ఒక ప్రభుత్వోద్యోగి చేతిలో ఉండరాదన్నది అందులో ముఖ్యమైన సూత్రం. అంతవరకూ కేంద్ర ప్రభుత్వాన్ని మాత్రమే కట్టిపడేసిన మతస్వేచ్ఛా నిబంధన రాష్ట్రాలకు కూడా వర్తిస్తుందని తేలింది ఈ తీర్పుతోనే. జెస్సీ ముందు అడిగాడన్నదీ, పొమ్మనగానే వెళ్ళాడన్నదీ కథలో చిన్న వివరాల్లా కనబడతాయి. తీర్పు నిలిచింది చాలావరకు వాటి మీదనే.

మూడేళ్ళ తరువాత ఒహాయోలోని స్ట్రదర్స్ అనే చిన్న పట్టణం నుండి వచ్చిన కేసు తలుపు సంగతిని సూటిగా తేల్చింది. అది ఇనుము, ఉక్కు పరిశ్రమ మీద బతికే ఊరు. రాత్రి షిఫ్టు చేసి పగలు నిద్రపోయే కార్మికులు అక్కడ చాలామంది. కరపత్రాలు ఇవ్వడానికి ఇళ్ళ గంటలు మోగించడాన్ని ఆ ఊరి పాలకవర్గం నిషేధించింది. దీని వెనుక దురుద్దేశం కనబడదు; పడుకున్నవాణ్ణి లేపవద్దనడం ఏ ఊళ్ళోనైనా న్యాయంగానే వినిపిస్తుంది. దొంగలు ప్రచారకుల వేషంలో వస్తారన్న భయం కూడా ఆ వాదనలో ఉంది. థెల్మా మార్టిన్ అనే సాక్షి ఒక మతసభకు ఆహ్వానపత్రిక ఇవ్వడానికి తలుపు తట్టినందుకు పది డాలర్ల జరిమానా పడింది. 1943 మే నెలలో న్యాయమూర్తి హ్యూగో బ్లాక్ రాసిన తీర్పు, ఒక్క ఓటు తేడాతో, ఆ నిషేధాన్ని రద్దు చేసింది.

ఆ తీర్పులోని తర్కాన్ని కొంచెం నిదానంగా చూడాలి. పట్టణం చేసిన తప్పు ప్రచారకుడి నోరు మూయడం ఒక్కటే కాదు. ఇంటివాడు తీసుకోవలసిన నిర్ణయాన్ని తాను తీసుకోవడం. ఒక ఇంటివారు వినాలనుకోవచ్చు, పక్కింటివారు వద్దనుకోవచ్చు. ఇద్దరి తరఫున ఊరు ఒకే జవాబు చెప్పింది. అదే తీర్పు మరో మాట కూడా స్పష్టంగా అంది: రావద్దని ముందే తెలిపిన ఇంటికి, ఆ ఇష్టాన్ని ధిక్కరించి వచ్చేవారిని చట్టం శిక్షించవచ్చు. తలుపు తట్టే హక్కును నిలబెట్టిన చేతితోనే 'రావద్దు' అన్న మాటకు కూడా బలమిచ్చారు. మతప్రచారకుల వల్ల విసిగిన ప్రవాసులు మొదటి సగాన్ని తలచుకొని ఈ దేశంలో వీళ్ళను ఎవరూ ఏమీ అనలేరని నిట్టూరుస్తారు. రెండో సగం వారి చెవిన పడినట్టు లేదు.

ఆనాటి న్యాయమూర్తులందరికీ ఇది రుచించలేదు. రాబర్ట్ జాక్సన్ తన అసమ్మతిలో పెన్సిల్వేనియాలోని జీనెట్ పట్టణాన్ని ఉదాహరణగా తీసుకున్నాడు. 1939లో మట్టల ఆదివారంనాడు వందమందికి పైగా సాక్షులు ఆ ఊరి మీదికి వచ్చి ఇల్లిల్లూ తిరిగారు. పండుగపూట ఇంట్లో ప్రశాంతంగా ఉండే హక్కు సంగతేమిటన్నది ఆయన ప్రశ్న. విచిత్రమేమంటే, ఇది జరిగిన ఆరు వారాలకే, 1943 జూన్ 14న, ఆ సాక్షుల పిల్లలు బడిలో జెండాకు వందనం చేయనక్కరలేదన్న ప్రసిద్ధమైన బార్నెట్ తీర్పు రాసినవాడూ ఆయనే. అంతకు మూడేళ్ళ ముందు అదే న్యాయస్థానం ఆ పిల్లలు వందనం చేసి తీరాలంది. ఆ తీర్పు వెలువడ్డాక దేశమంతటా సాక్షుల మీద దాడులు జరిగాయి, మెయిన్ రాష్ట్రంలోని కెన్నెబంక్‌లో వారి మందిరాన్ని తగులబెట్టారు. ఇతరుల తలుపులు విడవకుండా తట్టే ఒక చిన్న సమూహమే, తన మీద ఇతరుల విశ్వాసం రుద్దినప్పుడు ఎంత నిస్సహాయంగా ఉంటుందో జాక్సన్ చూశాడు. చొరబాటును అసహ్యించుకుంటూనే బలవంతాన్ని వ్యతిరేకించడంలో ఆయనకు వైరుధ్యం కనబడలేదు.

ఈ వరుసలో చివరిది 2002 నాటి స్ట్రాటన్ కేసు. ఒహాయో నది ఒడ్డున 278 మంది జనాభా ఉన్న ఆ గ్రామం, ఇంటింటికీ తిరగాలంటే మేయరు కార్యాలయం నుండి అనుమతి పత్రం తీసుకోవాలంది. ఎనిమిది మంది న్యాయమూర్తులు అది చెల్లదన్నారు, ప్రధాన న్యాయమూర్తి రెన్‌క్విస్ట్ ఒక్కడే విభేదించాడు. పొరుగువాడితో మాట్లాడటానికి ప్రభుత్వం దగ్గర ముందుగా పేరు నమోదు చేసుకోవాలనడమే న్యాయస్థానానికి విపరీతంగా తోచింది. వద్దనుకునేవారు ఇంటి ముందు బోర్డు పెట్టుకోవచ్చని, వచ్చినవారితో మాట్లాడటానికి నిరాకరించవచ్చని ఆ తీర్పు గుర్తుచేసింది.

ఆ బోర్డు విషయంలో ఒక చిక్కుంది. దుకాణాల్లో దొరికే 'నో సొలిసిటింగ్' పలక తమకు వర్తించదని చాలామంది ప్రచారకులు భావిస్తారు. తాము ఏమీ అమ్మడం లేదు కదా అంటారు. మతసంబంధమైన సందర్శనలు కూడా వద్దని విడిగా రాస్తే ఆ సందేహానికి తావుండదు. అంతకంటే పనిచేసేది నోటిమాట. 'దయచేసి ఈ ఇంటికి మళ్ళీ రావద్దు' అని స్పష్టంగా చెబితే సాక్షుల స్థానిక సంఘాలు ఆ చిరునామాను తమ జాబితాలో రాసుకుంటాయి. తెలుగువారు సాధారణంగా అనే 'ఇప్పుడు తీరిక లేదు' అన్న మాటకు వారి లెక్కలో అర్థం వేరు: మరోసారి రమ్మని. వాదనకు దిగడం కూడా అంతే. గీతనుండి శ్లోకాలు చదివి వారిని ఓడించాలని చూసే ఉత్సాహవంతులున్నారు. గుమ్మంలో అరగంట చర్చించినవాడు ఆసక్తి గలవాడే అవుతాడు తప్ప గెలిచినవాడు కాడు.

ఈ తీర్పుల వల్ల లాభపడినవారిలో క్రైస్తవేతరులు కూడా ఉన్నారన్న సంగతి ప్రవాసాంధ్రుల సంభాషణల్లో అరుదుగా వినబడుతుంది. భక్తివేదాంత స్వామి 1966లో న్యూయార్క్‌లో స్థాపించిన ఇస్కాన్ సంస్థకు వీధి సంకీర్తన, పుస్తక వితరణ ఆచారంలో భాగాలు. డెబ్బైలలో విమానాశ్రయాల్లో ప్రయాణికులను ఆపి పుస్తకం చేతిలో పెట్టే హరేకృష్ణ భక్తులు అమెరికన్లకు ఎంత విసుగు పుట్టించారో ఆనాటి హాస్యచిత్రాలు చెబుతాయి. మిన్నెసోటా రాష్ట్ర సంతలో పుస్తకాలు పంచేవారు, విరాళాలు అడిగేవారు ఒక నిర్ణీత దుకాణంలోనే నిలబడాలన్న నియమాన్ని ఇస్కాన్ సవాలు చేస్తే, 1981లో సర్వోన్నత న్యాయస్థానం ఆ నియమాన్ని సమర్థించింది. జనసమ్మర్దం ఉన్నచోట అందరికీ ఒకేలా వర్తించే ఏర్పాటు తప్పుకాదంది. 1992లో న్యూయార్క్ విమానాశ్రయాల కేసులో విరాళాలు అడగడాన్ని నిషేధించవచ్చు గాని పుస్తకాలు పంచడాన్ని పూర్తిగా నిషేధించరాదని తేల్చింది. సాక్షుల నోరు మూయించగల చట్టం హరేకృష్ణ భక్తుల నోరూ మూయించేదే.

తలుపు ఉన్నంతవరకు ఇదంతా సులభం. అసలు కష్టం తలుపు లేని చోట్లలో ఉంది.

ఉద్యోగస్థలం అటువంటిది. మేనేజరు ప్రతి సోమవారం 'నిన్న చర్చికి రాలేదేం?' అని అడిగితే, హెచ్-1బి వీసా మీద ఉన్న ఉద్యోగి ఏ తలుపు మూస్తాడు? అతని ఉద్యోగమే కాదు, దేశంలో ఉండే అర్హత కూడా ఆ సంబంధానికి ముడిపడి ఉంది. 1964 నాటి పౌరహక్కుల చట్టంలోని ఏడవ అధ్యాయం పదిహేను మంది, అంతకు పైగా ఉద్యోగులున్న సంస్థల్లో మతవివక్షను నిషేధిస్తుంది; విదేశీ ఉద్యోగులకు కూడా ఆ రక్షణ ఉంది. అరిజోనాలో ఒక యంత్ర పరికరాల కంపెనీ యజమానులు వారానికోసారి పనివేళలో ప్రార్థనాసమావేశం జరిపి అందరూ హాజరు కావాలన్నారు. నాస్తికుడైన ఒక ఉద్యోగి తనను మినహాయించమని అడిగాడు. రావడం తప్పదు గాని, కూర్చుని పత్రిక చదువుకోవచ్చు, నిద్రపోవచ్చు అన్నది అతనికి దొరికిన జవాబు. 1988లో తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానం, ఇష్టమైనవారితో ప్రార్థన జరుపుకోవచ్చు గాని ఇష్టం లేనివారిని మినహాయించి తీరాలంది. యజమాని ఉదారంగా ఇచ్చాననుకున్న నిద్రపోయే సౌకర్యం అక్కడ చాలలేదు.

సహోద్యోగుల సంగతి వేరు. ఒకసారి మతం గురించి మాట్లాడటం, సభకు పిలవడం నేరం కాదు. మతవిశ్వాసం ఉన్న ఉద్యోగికి కూడా అదే చట్టం రక్షణనిస్తుంది. వద్దని చెప్పిన తరువాత కూడా మానకపోతే, అది తీవ్రంగానో ఎడతెగకుండానో సాగితే, అప్పుడది వేధింపు అవుతుంది. కనుక 'వద్దు' అన్న మాట నమోదు కావడం ఇక్కడ ప్రాణప్రదం. మర్యాదైన రెండు వాక్యాల ఈమెయిలు, అది పనిచేయకపోతే సంస్థకు లిఖితపూర్వకమైన ఫిర్యాదు, అదీ ఫలించకపోతే సమాన ఉద్యోగావకాశాల కమిషన్. కమిషన్‌కు వెళ్ళే గడువు సాధారణంగా 180 రోజులు, స్థానికంగా అటువంటి సంస్థ ఉన్నచోట 300 రోజులు. ముఖమాటంతో రెండేళ్ళు నవ్వుతూ తల ఊపినవారికి ఈ దారి ఇరుకవుతుంది. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. తెలుగువారే అధికంగా ఉన్న బృందాలు ఈనాడు చాలా ఉన్నాయి. ఆఫీసులో ఆయుధపూజ చేసి అందరికీ బొట్టు పెట్టే మేనేజరుకు, ఆ వరుసలో నిలబడిన గుంటూరు క్రైస్తవుడి ఇబ్బంది తట్టకపోవచ్చు.

బడి మరీ సున్నితం. ప్రభుత్వ పాఠశాలల్లో అధికారికంగా ప్రార్థన చేయించడాన్ని 1962లో, బైబిలు పఠనాన్ని 1963లో, పట్టాల ప్రదానోత్సవంలో మతాచార్యుడి ప్రార్థనను 1992లో సర్వోన్నత న్యాయస్థానం తోసిపుచ్చింది. పిల్లవాడు లేచి వెళ్ళిపోవచ్చు కదా అన్న వాదనను చివరి కేసులో అంగీకరించలేదు. తన పట్టా ప్రదానోత్సవానికి తాను రాకుండా ఉండే స్వేచ్ఛ స్వేచ్ఛ కాదంది. అయితే 2022లో, ఆట ముగిశాక మైదానం మధ్యలో మోకరిల్లి ప్రార్థించిన ఫుట్‌బాల్ శిక్షకుడి పక్షాన తీర్పు వచ్చింది. జట్టులో చోటు శిక్షకుడి దయ మీద ఆధారపడిన పిల్లవాడు ఆయన పక్కన మోకరిల్లకుండా ఎంతవరకు నిలవగలడన్నది ఆ తీర్పు తేలికగా దాటేసిన ప్రశ్న. 2001 నాటి తీర్పు ప్రకారం బడి వేళలు ముగిశాక ఇతర సంఘాలకు గదులిచ్చే పాఠశాల మతబోధ చేసే పిల్లల సంఘానికి కూడా ఇవ్వాలి. ఆ కేసులోని సంఘానికి పిల్లలు తల్లిదండ్రుల అనుమతితో వెళ్ళేవారు. బడి నుండి వచ్చే కాగితాల దొంతరలో అటువంటి అనుమతి పత్రం మీద ఏముందో చూడకుండా సంతకం పెట్టే అలవాటు తెలుగు ఇళ్ళలో తక్కువేమీ కాదు.

ఇండియా నుండి వచ్చినవారికి ఈ పద్ధతి కొంత వింతగా తోచడానికి కారణముంది. భారత రాజ్యాంగం 25వ అధికరణం అంతఃకరణ స్వేచ్ఛతోపాటు మతాన్ని ప్రచారం చేసుకునే హక్కును పేరుపెట్టి ఇచ్చింది. 1948 డిసెంబరులో ఆ 'ప్రచారం' అన్న పదం మీద రాజ్యాంగసభలో తీవ్రమైన చర్చ జరిగింది. 1977లో స్టానిస్లాస్ కేసులో భారత సుప్రీంకోర్టు, ప్రచారం చేసే హక్కులో మరొకరి మతం మార్చే హక్కు లేదని చెప్పి మధ్యప్రదేశ్, ఒరిస్సా చట్టాలను సమర్థించింది. 2007లో ఆంధ్రప్రదేశ్ ఒక మతానికి చెందిన ఆరాధనాస్థలాల్లో మరో మతాన్ని ప్రచారం చేయడాన్ని నిషేధించింది; తిరుమల దానికి ప్రధాన సందర్భం. ఇది స్థలాన్ని బట్టి గీసిన గీత కనుక కొంతవరకు విమానాశ్రయపు తీర్పుకు దగ్గరి చుట్టం. మతమార్పిడి చట్టాల దృష్టి వేరు. అవి ప్రచారకుడి ఉద్దేశాన్ని, చివరి ఫలితాన్ని చూస్తాయి. అమెరికా తీర్పులు వినేవాడు ఎక్కడ నిలబడి ఉన్నాడో, కాదని వెళ్ళిపోగలడో లేదో చూస్తాయి. మతం మార్చుకోవాలని గాని, ఇతరులు మార్చుకోకుండా ఆపాలని గాని లేక, తన మానాన తనను వదిలేయమనే సామాన్యుడికి రెండో చూపే ఎక్కువ పనికొస్తుంది.

ఆ సామాన్యుడిని భారత న్యాయస్థానం చూడలేదని కాదు. కేరళలో ముగ్గురు పిల్లలు జాతీయగీతం వినిపించినప్పుడు గౌరవంగా లేచి నిలబడ్డారు, పాడలేదు. వారూ యెహోవా సాక్షులే. 1985లో బడి నుండి వెళ్ళగొట్టారు. 1986లో బిజో ఇమాన్యుయేల్ కేసులో వారిని తిరిగి చేర్చుకోవాలని తీర్పు రాసింది తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నప్ప రెడ్డి. ఆయన సాక్షుల విశ్వాసాన్ని పంచుకున్నవాడు కాదు. ఆ నమ్మకం ఇతరులకు వింతగా తోచడం ముఖ్యం కాదని, అది నిజాయితీగా పట్టుకున్న నమ్మకమా కాదా అన్నదే చూడాలని అన్నాడు.

ఇక ఏ న్యాయస్థానమూ అడుగుపెట్టని చోటు ఒకటి మిగిలింది, అది తెలుగువారి సొంత లోగిలి. గణపతి ప్రార్థనతో మొదలయ్యే ఉగాది సభకు తెలుగు కోసం వచ్చిన క్రైస్తవ కుటుంబం ఎలా కూర్చుంటుంది? పురుషోత్తమ చౌదరి కాలం నుండి తెలుగులోనే కీర్తనలు పాడుకుంటున్న వంశం వారిది. ప్రసాదం వద్దన్నందుకు 'ఏం, మీకు మా దేవుడు పనికిరాడా?' అని నవ్వుతూ అనే మాటలోని ముల్లు అన్నవారికి కనబడదు. మరో పక్క, వ్రతానికి పిలిచి ప్రతిసారీ క్రీస్తు గురించి వినవలసి వచ్చే స్నేహితులున్నారు. పూజకు కూర్చోనన్న నాస్తికుడైన కొడుకుతో వారం రోజులు మాట్లాడని తండ్రులున్నారు. 1940లోనే ముదునూరులో గోరా నాస్తిక కేంద్రం పెట్టిన జాతికి ఇది కొత్త ఏమీ కాదు. బంధుత్వంలో ఫిర్యాదు పత్రాలు ఉండవు. అక్కడ పనికొచ్చేది, ముందుగా అడగడమనే చిన్న అలవాటు. 'మా ఇంట్లో శనివారం వ్రతం, భోజనానికి మాత్రం వచ్చినా సంతోషమే' అని పిలిచే ఇళ్ళు కొన్ని ఉన్నాయి. ప్రసాదం పళ్ళెం బల్లమీద పెట్టి, తీసుకోవడం అతిథులకే వదిలే గృహిణులున్నారు.

మొదట చెప్పిన పెద్దావిడ విషయానికి వస్తే, ఆమెకు ఇంగ్లీషు రాకపోవడం పెద్ద అడ్డంకి కాదు. తలుపు పక్కన ఒక కాగితం మీద 'నో రెలిజియస్ విజిట్స్, ప్లీజ్ డోంట్ కమ్ అగైన్' అని తెలుగు లిపిలో రాసి అంటించుకున్న ఇళ్ళలో పని జరుగుతూనే ఉంది. ఎండనబడి వచ్చినవారికి ఆమె మంచినీళ్ళు ఇవ్వాలనుకుంటే ఇవ్వవచ్చు, గడప ఇవతల నిలబడే ఇవ్వవచ్చు. ఒకవేళ ఆమెకు ఆ కబుర్లు నిజంగా ఇష్టమై, వినాలనిపిస్తే, స్ట్రదర్స్ తీర్పు ప్రకారం ఆ నిర్ణయం ఊరిది కానట్టే కొడుకుది కూడా కాదు. రావద్దని చెప్పినప్పుడు సంఘం జాబితాలోకి ఎక్కేది ఇంటి చిరునామాయే గాని మనిషి పేరు కాదు. కుటుంబం ఇల్లు మారితే కొత్త గుమ్మంలో ఆ మాట మళ్ళీ మొదటి నుండి చెప్పుకోవలసిందే.